టైము పెట్టిన లైట్లు

దయామణికి లైట్ల పని బాగానే ఒంటబట్టింది. దాంతోపాటు కాస్త గర్వం కూడా ఒంటబట్టింది.

పద్యనాటకాల కంపెనీలో ఏళ్ళ తరబడి లైట్లు వేసిన ఖాజా మాస్టారికి చూపు మందగించింది. ఇక నువ్వే చూసుకోమని శిష్యురాల్ని ముందుకి తోశాడు. కంపెనీ ఓనరు కోటిలింగం, రాజు వేషం ఆయనదే, ఓ మెలిక పెట్టాడు. రేపల్లె ఆట సరిగ్గా నడిపితేనే ఈ సీజనంతా లైట్లు ఆమె చేతికి. లేకపోతే గుంటూరు నించి వేరే మనిషి వస్తాడు.

లైట్లు ఎంచడంలో ఆమెకి వంక పెట్టలేం. అద్దె షాపువాడు గిరగిరా తిరిగే లైట్లు తీసుకోమని వెంటపడ్డాడు. చిన్న హాల్లో వాటి లోపలి ఫ్యాన్ల రొద హార్మోనియం మీద పడుద్దని వద్దంది. మేకప్ వేసుకున్న కోటిలింగాన్ని షాపుకే లాక్కెళ్ళి, ఒక్కో లైటూ మొహం మీద వేసి చూసింది. ఏ లైట్ల కింద మొహం బూడిద పూసినట్టు లేదో అవే తెచ్చింది. బజారంతా రాజుని చూసి నవ్వుకుంది. మాస్టారు మాత్రం బాగుందన్నట్టు తలూపాడు.

ఆ తలూపుడే ఆమె నెత్తికెక్కింది.

ఏ పద్యం ఎంతసేపు పాడతారో ఫోన్లో టైము చూసుకుని, ఏ లైటు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో లైట్ల బోర్డులో ఎక్కించేసింది. ఒక్క బటన్ నొక్కితే చాలు, సీను చివరిదాకా అదే నడుస్తది.

"నేను కూర్చుని టీ తాగొచ్చు మాస్టారూ."

"తాగు," అన్నాడాయన.

ఆట రోజు మధ్యాహ్నం చివరి రిహార్సల్. రాజు రాజ్యం వదిలి అడవికెళ్ళే సీను. దయామణి బటన్ నొక్కి, నిజంగానే టీ గ్లాసు అందుకుంది. కోటిలింగం పద్యం ఎత్తుకున్నాడు. ఎర్రటి సాయంత్రం వెలుగు ఆయన మీదికొచ్చింది. రాగం తీసి ఆపేదాకా ఎక్కడా తేడా లేదు.

అప్పుడు చివరి వరసలోంచి మాస్టారు గొంతెత్తాడు.

"వన్స్‌మోర్."

ఆ మాట చెవిన పడితే కోటిలింగం నోరు ఊరుకోదు. దండం పెట్టి, పద్యం మళ్ళీ మొదట్నించీ ఎత్తుకున్నాడు. హార్మోనియం ఆయన వెనకే పోయింది. బోర్డు మాత్రం దాని దారిన అది పోయింది. రెండో పాదానికి చీకటి పడింది. మూడో పాదానికి అడవిలో పచ్చగా తెల్లారింది. రాజు ఇంకా సింహాసనం పక్కనే ఉన్నాడు.

"నేనింకా ఇంట్లోంచే కదల్లేదు గదమ్మా," అన్నాడు కోటిలింగం పాట ఆపి. హార్మోనియం వాయించే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

దయామణి మొహం మాడిపోయింది. లేచి మాస్టారి దగ్గరికెళ్ళింది.

"జనం ఎన్నిసార్లు అడుగుతారో చెప్పండి మాస్టారూ. దానికీ టైము పెట్టేస్తా."

"వాళ్ళకే తెలీదమ్మా."

అని, ఆమె చేతిలోని టీ గ్లాసు తీసుకుని తాగేశాడు.

దయామణి బోర్డు ముందు కూర్చుని, పెట్టిన టైములన్నీ తీసేసింది.

సాయంత్రం హాలు నిండింది. ఆ పద్యం జనం మళ్ళీ అడిగారు, మళ్ళీ అడిగారు. అడిగినప్పుడల్లా ఎర్రటి వెలుగు రాజు మీదే నిలబడింది. దయామణి వేలు బటన్ మీద, కళ్ళు కోటిలింగం మీద. ఆయన దండం పెట్టిన చేతులు దించి, అడవి వైపు అడుగేశాక గానీ వేలు కదల్లేదు. మధ్యలో ఎవరో టీ తెచ్చి పక్కన పెట్టారు.

తెర పడ్డాక కోటిలింగం కిరీటంతోనే వచ్చాడు. బాపట్ల ఆటకి లైట్లు జాగ్రత్తగా సర్దుకోమని చెప్పిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చి ఆమె టీకి చెయ్యి చాపింది. గ్లాసు ఖాళీ. పక్కన మాస్టారు మూతి తుడుచుకుంటున్నాడు.