తవుడు మూటల బడి

అనగనగా ఒక ఊరు. మన పక్క కాదర్రా, సూర్యుడు మనకంటే ముందే లేచే జపాను దేశంలో. నువ్వు చూశావా అమ్మమ్మా అని అడక్కు శేషూ, కథలోకి వెళ్ళడానికి టిక్కెట్టు అక్కర్లేదు.

ఆ ఊరి రాజుగారు కూలీనాలీ చేసుకునేవాళ్ళ పిల్లలూ గొప్పింటి పిల్లలూ కలిసి చదువుకోవాలని ఓ బడి కట్టించాడు. కొండ పక్కన రాతి గోడ, గోడ లోపల బడి, బడి మీద కుండల్లా కాల్చిన ఎర్ర పెంకులు, పెంకుల కింద చెక్క నేల. ఆ నేలకి లక్క పూసి పూసి అద్దం చేసి పెట్టారు. వంగితే మన ముక్కు మనకి కనపడేది. ఊ అనండర్రా, లేకపోతే నేనూ పడుకుంటాను.

మంత్రి పేరు గెన్బా. రైతుబిడ్డలు తన పిల్లల పక్కన కూర్చుంటారని ఆయనకి ఒకటే కడుపుమంట. వద్దంటే రాజుగారికి కోపం వస్తుంది. అందుకని నేల మీద ప్రేమ ఒలకబోశాడు. ఇంత అందమైన నేల మీద ఎవరి మరక పడితే వాళ్ళు జన్మలో మళ్ళీ ఈ గడప తొక్కకూడదని శాసనం రాయించాడు. రాజుగారు సరేనన్నాడు. మంచివాడే పాపం, బురద తొక్కి ఎరగడు.

అసలే నాట్ల రోజులు. పిల్లలకి మోకాళ్ళదాకా బురద. కడుక్కుని వచ్చినా తడి అచ్చు పడుతుంది కదా. మొదటిరోజే సగం మంది ఏడుస్తూ ఇళ్ళకి పోయారు. మిగతావాళ్ళని మర్నాడు రాజుగారి ఎదుటే పంపించేద్దామని మంత్రి ఎత్తు. నన్నూ రెండో తరగతిలోనే మాన్పించారు లెండి, అందుకే ఆ మంత్రిని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఊళ్ళో ఒకికు అని ఓ కోడలుండేది. మర్నాడు బడికెళ్ళాల్సినవాళ్ళలో ఆవిడ కూతురు మిత్సు కూడా ఉంది. అక్కడివాళ్ళు తవుడు మూటలతో రుద్ది చెక్కకి మెరుపు తెస్తారట. ఒకికు పాతగుడ్డలు చింపి, ఎద్దు కోసం ఉంచిన తవుడంతా వాటిలో పోసి, పిల్లల కాళ్ళకి సంచులు కుట్టేసింది. అత్తగారు ఊరుకుంటుందా? ఎద్దు తవుడు సంచికి, సంచి కాలికి, కాలు బడికి, మరి నా ఎద్దు ఎక్కడికే అని దులిపేసింది.

"ఎద్దు ఎలాగూ చదవదు కదా అత్తయ్యా," అంది ఒకికు.

తెల్లారి పిల్లలు సంచీ కాళ్ళతో సర్రు సర్రున లోపలికి నడిచారు. నడిచినకొద్దీ నేల ఇంకా మెరిసింది. మంత్రి బోర్లాపడి వెతికినా మరక లేదు. ఉక్రోషంతో లేచి, పట్టు మేజోళ్ళతో గబగబా అడుగేశాడు. కాళ్ళు పైకి, తల కిందికి. ఆ తలకి సోలెడు నూనె పట్టించి ఉంది. నేల మీద గారెంత మరక. మిత్సు కిసుక్కుమంది, ఆ తరవాత రాజుగారూ ఆగలేకపోయాడు.

రాజుగారు శాసనం చదవమంటే మంత్రి ఆ కాగితంతోనే మరక కప్పబోయాడు. అప్పుడు పిల్లల్ని దింపడానికొచ్చి గడప దగ్గర నిలబడ్డ ఒకికు ఓ తవుడు సంచి మంత్రి చేతికిచ్చి, తుడిస్తే పోయే మరకకి జన్మంతా శిక్షేమిటి మహారాజా, ఆయన్నీ ఉండనివ్వండి, నిన్న పోయిన పిల్లల్నీ రానివ్వండి అంది. రాజుగారు శాసనం చింపేశాడు. పోయిన పిల్లలందరూ తిరిగొచ్చారు. నేల రుద్దుతున్న మంత్రి చుట్టూ చేరి, అక్కడ కాదు ఇక్కడ, ఇంకా పోలేదు, ఇంకొంచెం గట్టిగా అని పాఠం చెప్పారు.

ఒకళ్ళని కాలు పెట్టనివ్వకూడదని చూస్తే మన తలే నేలకి తగులుతుందర్రా. కథ సముద్రం దాటి కంచికి పోయింది, మీరు దుప్పట్లోకి పొండి.