కడబంతి పప్పుచారు

ఒకానొక రాజ్యంలో ప్రభవ నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ విదియ, బుధవారం. తెల్లవారకముందు నుంచే ముసురు. ముసురు కవులకు ముద్దు. తడికట్టెలు ఊదే వంటవాడిని అడిగితే వేరే మాట చెబుతాడు.

ఆ పొద్దు గజకేతు మహారాజు పుట్టినరోజు. ఊరందరికీ కోటలో భోజనం. వంటశాల పెద్ద సింగన పొయ్యి ముందు నిలబడి గంగాళాన్ని చూసి నిట్టూర్చాడు. రాజుగారి తాత మూడువందల మంది కోసం చేయించిన గంగాళం అది. ఇప్పుడు వాకిట్లో మూడువేల మంది.

జనం పెరిగినకొద్దీ తన ప్రతాపం పెరిగిందని రాజుగారి నమ్మకం. ఇంట పదో బిడ్డ పుడితే తండ్రికి పట్టుశాలువా, వీధిలో నగారా. శాలువాలు నేసేవాళ్లు బాగుపడ్డారు గానీ, ఊళ్లో వైద్యుడు మాత్రం ఒక్కడే; వంతు వచ్చేసరికి రోగమైనా పోయేది, రోగి అయినా పోయేవాడు. బావి దగ్గర తెల్లారేసరికి కడవల కొట్లాట.

ఇంకో గంగాళం, ఇంకో బావి, ఇంకో వైద్యుడు కావాలని సింగన మూడుసార్లు విన్నవించాడు. మూడుసార్లూ ఒకటే జవాబు: "కాసిని నీళ్లు కలపవయ్యా, సరిపోతుంది." పైగా పప్పుచారు తిని ఒక్కరు నొసలు చిట్లించినా ఉద్యోగం ఊడుతుందని హెచ్చరిక.

సింగనకు ఒళ్లు మండింది. నీళ్లే కలిపాడు.

ఆ వంశంలో ఒక ఆచారం. ప్రజలంతా తిన్నాకే రాజు కడబంతిలో కూర్చోవాలి. గొప్ప ఆచారమే. కాకపోతే మొదటి బంతికి ముందే చిక్కటి పప్పుచారు ఒక గిన్నెడు రాజుగారికి దాచడం కూడా ఆచారమే. అది ఏ శాసనంలోనూ చెక్కలేదు. ఆ ఏడు సింగన ఆ గిన్నెను బోర్లించి పెట్టాడు.

బంతి బంతికీ గంగాళంలో బిందెడు నీళ్లు పడ్డాయి. పదో బంతి లేచాక రాజు వచ్చి కూర్చుని, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయితేనేం" అని మంత్రుల వైపు చూసి నవ్వాడు. సింగన ఆకుదొప్పలో పప్పుచారు పోశాడు. అందులో రాజుగారికి తన మీసాలు కనిపించాయి.

నొసలు చిట్లించి, "ఏమిటయ్యా ఇది?" అన్నాడు.

"పప్పుచారు, ప్రభూ."

"పప్పేది?"

"మొదటి బంతివాళ్లు తిన్నారు. మిగిలింది తమరి ఆజ్ఞ."

"నాకు దాచలేదా?"

"బావి దగ్గర కడబంతివాడికీ, వైద్యుడి గుమ్మంలో కడబంతివాడికీ ఎవరూ ఏమీ దాచడం లేదు, ప్రభూ. వాళ్ల నుంచి తమరిని వేరుచేయడానికి నాకు చేతులు రాలేదు. నొసలు చిట్లించింది తమరొక్కరే గనక, నా ఉద్యోగం సంగతి తమరే తేల్చాలి."

రాజు మళ్లీ దొప్పలోకి చూశాడు. తర్వాత మీసాలు అదిరేలా నవ్వి, ఆ నీళ్లే అన్నంలో కలుపుకుని ఆకు ఖాళీ చేశాడు. పదో బిడ్డ తండ్రి కోసం తెప్పించిన శాలువా సింగనకు కప్పి, ఆ పద్ధతి అంతటితో ఆపించాడు. గంగాళాలు వచ్చాయి, బావులు తవ్వారు, వైద్యులు నలుగురయ్యారు.

అయితే ఆ బుద్ధి పుట్టేనాటికే అంతఃపురంలో తొమ్మిదిమంది కొడుకులు. రాజు పోయాక పెద్దవాడికి సింహాసనం, రెండోవాడికి ఏనుగు, మూడోవాడికి అంకుశం దక్కాయి. సింగన గరిటె అతని ఒక్కగానొక్క కూతురికి వచ్చింది. మిగిలిన ఆరుగురు రాకుమారులకు ఏమీ దక్కలేదు. ఆమె వడ్డించే కడబంతిలో కూర్చున్నారు.