తనిఖీదారు తలపాగా

కరువు కాలంలో రాజుగారు ఊరూరా గంజిశాలలు పెట్టించారు. ఒక ఊళ్లో ఆ పెత్తనం భుజంగరావుకి దక్కింది. బియ్యం అతని ఇంటికి చేరేవి, గంజి పేరుతో వేడినీళ్లు జనం ముంతల్లోకి చేరేవి. ఆ నీళ్లే తాగి తాగి, బట్టలుతికే నూకాలు మనవరాలు చిట్టి కన్నుమూసింది.

నూకాలు మూడు రోజులు గుడిసెలోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు పాత పెట్టె తెరిచింది. కిందటేడు ఊరికొచ్చిన రాజుగారి తనిఖీదారు ఉతకడానికిచ్చి మరిచిపోయిన జరీ తలపాగా అందులో ఉంది. దాన్ని తడిపి, గంజిశాలకి ఎదురుగా ఆరేసింది.

భుజంగరావు అది చూసి పరుగున వచ్చాడు. "ఎవరిదే అది?"

"తనిఖీ దొరగారిది బాబూ. రోజూ ఉతికి ఉంచాలి. ఏ పూట వస్తారో నాకేం తెలుసు?"

ఆ పూటే గంజిలో మెతుకులు కనబడ్డాయి. నూకాలు తన వంతు తాగునీళ్లలో సగం పోసి రోజూ ఆ తలపాగా తడిపేది. రెండు నెలలు గంజి చిక్కగానే ఉంది. ఊళ్లో మరో పిల్ల పోలేదు.

ఆఖరికి తనిఖీదారు నిజంగానే వచ్చాడు. గంజి రుచి చూసి భుజంగరావుని తెగ మెచ్చుకున్నాడు. భుజంగరావు తాంబూలం తేవడానికి లోపలికి పరిగెత్తాడు. ఇంతలో తనిఖీదారు కంట తలపాగా పడింది.

"ఇది నాదే! ఇలా తే."

నూకాలు కదల్లేదు.

"తమరు ఏడాదికోసారి వస్తారు బాబూ. మీ పని ఇది రోజూ చేస్తోంది. తమరు వెళ్లిరండి, దీన్ని మాత్రం ఉండనివ్వండి."

తనిఖీదారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గొప్ప బుద్ధే నీది," అన్నాడు మెల్లగా.

నూకాలు తడిగుడ్డని చేత్తో సర్దింది.

"చిట్టి ఉండగా పుట్టలేదు బాబూ, ఈ బుద్ధి."