మాయమలుపులో తవిటమ్మ రాయి

ఎప్పటి మాట అంటే ఏం చెప్పను? కొండకి రోడ్డు కొత్త. రోడ్డుకి కారు కొత్త. కారుని చూసి ఎడ్లు బెదిరేవి, ఎడ్లని చూసి డ్రైవరు బెదిరేవాడు. అంత పాత మాట. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి, నిద్రొచ్చినవాళ్లు పడుకోండి.

ఆ కొండకి ఒక మలుపుంది. మాయమలుపు అంటారు. అక్కడ నిలబడి చూస్తే ఎత్తు పల్లంలా ఉంటుంది, పల్లం ఎత్తులా ఉంటుంది. కొండ వంకరగా ఉండి కంటిని ఏమారుస్తుందని కొందరంటారు. కాదు, అక్కడేదో ఉందని కొందరంటారు. ఎవరి మాట నిజమో నన్నడక్కండి.

ఆ మలుపులో తవిటమ్మ ఉండేది. పుట్టిన పిల్లలు దక్కడం లేదని, ఆ తల్లి ఈ పిల్లని చేటెడు తవుడుకి పక్కింటికి అమ్మి మళ్లీ తెచ్చుకుందట. అందుకా పేరు. కొండెక్కే బండి వెనక రాయి పట్టుకుని నడవడం ఆమె పని. ఎడ్లు అలిసి ఆగగానే చక్రం వెనక రాయి వేసేది. ఎడ్లు ఊపిరి తీసుకునేవి. బండి కదలగానే రాయి తీసి చంకనెత్తుకునేది. బండివాళ్లు గుప్పెడు చోళ్లు, అవే రాగులు, ఇచ్చేవారు. అదే ఆమెకి అంబలి, అదే ఆమెకి బతుకు.

బండి ఆగితే వెనక రాయి. వాళ్లమ్మ నేర్పిన చదువు అంతే. దిగే బండికి రాయితో పనేముంది? ఎడ్లే మెడ బిగించి ఆపుకుంటాయి.

ఒకరోజు కొండెక్కుతూ ఒక కారు వచ్చి మలుపులో ఆగింది. షావుకారు గారి కారు. డ్రైవరు దాలినాయుడు. టైరు పంచరు. తవిటమ్మ కారు ముందు చూసింది, వెనక చూసింది, వంగి కింద చూసింది.

"ఎడ్లేవి బావూ?"

"ఎడ్లుండవే. ఇంజనుంటాది."

"మరి ఆపీదెవరు?"

దాలినాయుడు పకపకా నవ్వాడు. ఎందుకు నవ్వాడో తవిటమ్మకి అర్థం కాలేదు. అతను జాకీ తీసేలోపల ఆమె రాయి తెచ్చి చక్రం వెనక పెట్టింది.

"ఎనకెందుకే? కళ్లు కనపడవేటి? ముందు పల్లముంది. ముందెయ్యి."

"బండాగితే ఎనకే రాయి బావూ. మాయమ్మ సెప్పింది."

సరే, నీ ఇష్టం అన్నాడు. జాకీ తిప్పాడు. కారు లేచింది. లేచి, గజగజా వణికి, వెనక్కి జరిగి, రాయికి ఆనుకుని ఆగింది. దాలినాయుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. టైరు మార్చుకుని, ఆమెకి దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్లాడు.

కొన్నాళ్లకి అదే కారు, అదే డ్రైవరు, అదే మలుపు. ఈసారి కారు కొండ దిగుతోంది. మళ్లీ పంచరు.

"అప్పా, నీ రాయేదీ? ఎనకెయ్యి, మొన్నట్లాగే!" అని అతనే, అక్కని పిలిచినట్టు, పిలిచాడు. ముందు చూస్తే రోడ్డు ఎత్తుగా కనిపిస్తోంది. కారు వెనక్కే వస్తుందని ఇద్దరూ అనుకున్నారు. తవిటమ్మ సంబరంగా వెనక రాయి వేసింది. జాకీ లేచింది. కారు లేచింది. లేచి, వణికి, ముందుకి పోయింది. జాకీ మీంచి జారి దాలినాయుడి పాదం మీద పడింది.

ఆ కేక కొండంతా వినిపించింది. తవిటమ్మ కారుని రెండు చేతులా ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. బండ్లవాళ్లు పరుగెత్తుకొచ్చి లాగారు. దాలినాయుడు బతికాడు గానీ, అప్పట్నుంచీ కుంటే.

తవిటమ్మకి అర్థం కాలేదు. రాయి అదే. చెయ్యి అదే. మలుపు అదే. మొన్న కాపాడిన రాయి ఇవాళ కాలెందుకు విరిచింది?

జనానికి మాత్రం వెంటనే అర్థమైపోయింది. జనానికి ఎప్పుడూ అంతే కదా! "దాని చెయ్యి మంచిది కాదు" అనేశారు. బండివాళ్లు పిలవడం మానేశారు. చోళ్లు ఆగిపోయాయి, అంబలి ఆగిపోయింది. అయినా ఆమె మలుపు వదిలి పోలేదు. రాయి పక్కనే కూర్చుని, కడుపు మండినప్పుడల్లా కుండలో నీళ్లు తాగేది. పాపం, ఆకలి కన్నా ఆ పాదమే ఆమెని ఎక్కువ బాధ పెట్టింది.

ఒకరోజు కుండ ఒరిగి నీళ్లు ఒలికాయి. ఒలికిన నీళ్లు ఎత్తుకి ఎక్కడం మొదలుపెట్టాయి.

"ఓలమ్మో!" అని లేచింది. మళ్లీ పోసింది. మళ్లీ ఎక్కాయి. కళ్లు నులుముకుని మూడోసారి పోసింది. మూడోసారీ ఎక్కాయి. కన్ను ఒకటి చెబుతోంది, నీళ్లు ఇంకోటి చెబుతున్నాయి. ఎవరి మాట వినాలి? భయపడింది, ఏడ్చింది, ఆలోచించింది. ఆ రోజు కారు ముందుకి పోయింది. నీళ్లూ అటే పోయాయి. ఎందుకో అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, ఇకమీద నీళ్ల మాటే వినాలనుకుంది.

ఎండాకాలం వచ్చింది. ఆమె నీళ్లు తెచ్చుకునే ఊట ఎండింది. కుండలో అడుగున కాసిని నీళ్లున్నాయి. అప్పుడొచ్చింది కారు, అదే కారు. తోలుతున్నది కుంటి దాలినాయుడు. లోపల షావుకారు, నొప్పులు పడుతున్న ఆయన కూతురు. కొండ దిగి పట్నం ఆసుపత్రికి తీసుకెళుతున్నారు. సరిగ్గా మలుపులో టైరు ఢామ్మంది. కారు గిర్రున తిరిగి రోడ్డుకి అడ్డంగా ఆగింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

"వెనక రాయి వెయ్యరా!" అన్నాడు షావుకారు.

"కాదు బాబూ, ముందెయ్యాల" అన్నాడు దాలినాయుడు. అని, తన మాట మీద తనకే నమ్మకం లేక ఆగిపోయాడు.

తవిటమ్మ వచ్చింది.

"నువ్వా! నువ్వు ముట్టుకోకు!" అన్నాడు దాలినాయుడు.

"ముట్టుకోను బావూ. ముందు ఆ యమ్మని దింపండి. మనుసులుండగా బండి ఎత్తకండి."

"నొప్పులతో ఉన్నదాన్ని ఎండలో దింపమంటావా?" అని షావుకారు కసిరాడు. కానీ ఆ అమ్మాయి తనే తలుపు తీసుకుని దిగింది. కొండవైపు నీడలో కూలబడి, "నీళ్లు" అంది.

తవిటమ్మ కుండ తెచ్చింది. అమ్మాయి వైపు చూసింది. చక్రం వైపు చూసింది. కుండ వంచి సగం నీళ్లు రోడ్డు మీద పోసేసింది.

"నా కూతురు దాహమంటుంటే మట్టిలో పోస్తావా? నువ్వు మనిషివేనా?" అని షావుకారు చెయ్యెత్తాడు.

తవిటమ్మ ఆ చెయ్యి చూడలేదు. నీళ్లనే చూస్తోంది. నీళ్లు కాసేపు నిలబడ్డాయి. వాటికీ ఏమీ అర్థం కానట్టు అటూ ఇటూ మెదిలాయి. తర్వాత సన్నగా సాగి, కారు వెనక చక్రం కిందనుంచి లోయవైపు పోయాయి.

"అటు బావూ" అంది తవిటమ్మ. "ఎందుకటో నాకు తెలీదు. అటే."

మిగతా సగం అమ్మాయికి తాగించింది.

దాలినాయుడు ఆమెని చూశాడు, తన పాదాన్ని చూసుకున్నాడు. ఆ రాయి తనే ఎత్తి, నీళ్లు పోయిన వైపు చక్రానికి ఆనించాడు. బ్రేకు లాగాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాడు.

"అప్పా, నువ్వూ దూరం జరుగు. అక్కడుండకు" అని అప్పుడు జాకీ తిప్పాడు. కారు లేచింది. లేచి, వణికి, వెనక్కి జరిగి, రాయికి ఆని ఆగింది. టైరు మారింది. కారు దిగింది. నట్లు బిగిసాయి. అమ్మాయిని ఎక్కించుకుని కారు కదిలింది. తవిటమ్మ రాయి తీసి రోడ్డు పక్కన పెట్టింది. వెనకొచ్చే ఎద్దు కాలికి తగలకూడదు కదా.

పట్నంలో ఆడపిల్ల పుట్టింది. షావుకారు ఇంట్లో ఎవరూ పెట్టుకోని పేరు పెట్టారు. తవిటమ్మ.

ఈ మంచి మాట మలుపు దాకా రావడానికి చాలా రోజులు పట్టింది. దాలినాయుడు బియ్యం, చీర పట్టుకుని వచ్చేసరికి అక్కడ రాయి ఉంది, బోర్లించిన కుండ ఉంది. తవిటమ్మ లేదు. ఎండకి పోయిందని బండివాళ్లు చెప్పారు. అతను ఏడ్చాడు. తెచ్చిన నీళ్లు సగం ఆ రాయి దగ్గర పోశాడు. అవి మెల్లగా ఎత్తుకి ఎక్కుతుంటే, ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. మిగతా సగం తాగి వెళ్లాడు.

ఇప్పటికీ ఆ కొండ మీద పంచరు పడితే డ్రైవరు ముందు అందర్నీ దింపుతాడు. కొండవైపు కూర్చోబెడతాడు. సీసాలో నీళ్లు సగం రోడ్డు మీద పోస్తాడు. కొత్తవాళ్లు చూసి, ఇదేం పూజో, ఏ దేవతకో అని తికమకపడతారు. దేవతో, మనిషో, ఉత్త పల్లం చూసుకోవడమో, అడిగితే డ్రైవర్లూ సరిగ్గా చెప్పలేరు. నీళ్లు పోయిన వైపు రాయి వేస్తారు. పని అయ్యాక రాయి తీసి పక్కన పెడతారు. తీయకుండా పోయినవాణ్ణి తిట్టని డ్రైవరు లేడు. మిగతా సగం నీళ్లు, ఎవరికి దాహంగా ఉంటే వాళ్లకి తాగిస్తారు.

ఎంత తొందరున్నా, జాకీ మీద చెయ్యి వేసేముందు వంగి ఒక్క మాట అడుగుతారు.

"తవిటమ్మా, ఎటు?"

నీళ్లు కదిలేదాకా ఆగుతారు.