గంగరాజు ఎందుకు కూర్చున్నాడు

అహల్యాదేవి మేడమ్‌కి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా ఆవిడ తిన్నగా జవాబు చెప్పరు. అడిగినవాళ్ళకే ఏదో ఒక పని పురమాయిస్తారు.

ఆసుపత్రిలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి మందులిచ్చే కేంద్రానికి ఆవిడే పెద్ద డాక్టరు. ఆవిడ దగ్గర కౌన్సెలింగ్ నేర్చుకుంటున్న సువార్త కూడా పన్నెండేళ్ళుగా ఆ మందులు మింగుతున్న మనిషే. ఆ ఉదయం సువార్తకి కాలు ఒకచోట నిలవడం లేదు. బయట వరస పెరిగిపోతోంది. మేడమ్ చూస్తే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఆయాసం వస్తోందా, బీడీలు మానేశావా అని అడుగుతున్నారు. ఉండబట్టలేక అడిగేసింది.

"మందులు వాడితే రక్తంలో వైరస్ కనబడదని మనమే చెబుతాం. మళ్ళీ ఈ గుండె గొడవ ఎందుకు మేడమ్?"

మేడమ్ తలెత్తలేదు. "ఇందాక గంగరాజుకి రిపోర్టిచ్చావుగా. ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడండి. వైరస్ కనబడలేదు, నిశ్చింతగా ఉండమన్నాను. పైకొస్తూ మెట్ల మధ్యలో కాసేపు కూర్చున్నాడు, అంతే."

మేడమ్ చేతిలో పెన్ను ఆగింది. "ఎందుకు కూర్చున్నాడు?"

సువార్త అడగలేదు.

"వెళ్ళి అడుగు. ఇప్పుడే."

గంగరాజు లారీ డ్రైవరు, నలభై నాలుగేళ్ళవాడు. మందుల కిటికీ దగ్గర లేడు. గేటు దగ్గరా లేడు. సువార్త రోడ్డు దాటి బస్టాండు దాకా పరుగెత్తింది. అక్కడ బెంచీమీద, చొక్కా చెమటకి తడిసి ముద్దయి, సోడా సీసా పట్టుకుని కూర్చున్నాడు.

"గ్యాస్ పట్టేసింది చెల్లెమ్మా. ఎడమ చెయ్యి లాగేస్తోంది. బస్సొచ్చే వేళయింది."

"బస్సు పోతే పోనీ అన్నా, లే!"

ఆటోలో ఆసుపత్రికి తెచ్చింది. ఈసీజీ తీస్తే గుండెపోటు. గుండె నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ కరగడానికి సూదిమందు వేశారు. మధ్యాహ్నానికి నొప్పి దిగింది, ప్రాణం దక్కింది. అప్పటిదాకా సువార్త వార్డు బయట అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

మేడమ్ వచ్చి పక్కన నిలబడ్డారు. "మందులకి వైరస్ అణుగుతుంది. దానితో పోరాడ్డానికి రేగిన ఒళ్ళు మాత్రం పూర్తిగా చల్లారదు. పైకి తెలియని వాపు ఏళ్ళ తరబడి గుండె రక్తనాళాలని తినేస్తుంది. మందులు మానితే మరీ ఎక్కువవుతుంది."

"నేను నిశ్చింతగా ఉండమన్నాను మేడమ్" అంది సువార్త.

మేడమ్ ఆమెని పక్కనున్న బల్లమీద కూర్చోబెట్టారు.

"మరి నీకు ఆయాసం వస్తోందా అని ఎవరైనా అడిగారా?"