బీరకాయ కడుపులో అల్లిక

ఒకప్పుడు బీరకాయ లోపల ఏమీ ఉండేది కాదర్రా. లేతగా ఉన్నప్పుడు కూరకి సరిపడా కాస్త గుజ్జు ఉండేదిలెండి. ముదిరి ఎండిందంటే మాత్రం పైన నున్నటి తోలు, లోపల బోలు. గింజలన్నీ డబ్బాలో వేసిన గచ్చకాయల్లాగా అడుగున కుప్పపడి ఉండేవి. గాలికి కాయ ఊగితే చాలు, గలగల, గలగల.

ఆ గలగలే కొంప ముంచింది. చిలకల చెవికి అది భోజనాల పిలుపు. ఎక్కడున్నా వచ్చి వాలేవి. ఒక్క ముక్కుపోటు పొడిస్తే గింజలన్నీ జలజలా ఒకేచోట రాలేవి. కడుపునిండా తిని, కొమ్మకేసి ముక్కు రాసుకుని ఎగిరిపోయేవి.

ఏటేటా ఇలా తింటూ పోతే ఏం మిగులుతుంది? పాదులు తగ్గి తగ్గి, చివరికి లోకం మొత్తానికి ఒక్క బీరపాదు మిగిలింది. అది ఎక్కడుందయ్యా అంటే, గోదావరి పాయల మధ్య ఒక లంకలో, పేరంటాలు అనే ఆవిడ పెరట్లో, పందిరి మీద.

పేరంటాలు లేసు అల్లేది. కొక్కెం సూదితో దారాన్ని లాగి ఒక కన్ను వెయ్యడం, ఆ కంట్లోంచి ఇంకో కన్ను తియ్యడం. కళ్లు కలిస్తే గొలుసు, గొలుసులు కలిస్తే వరస, వరసలు కలిస్తే పువ్వు. ఎసరు మరిగేలోపు ఒక పువ్వు, అన్నం వార్చేలోపు ఇంకో పువ్వు. పక్కింటావిడతో పోట్లాడుతూ కూడా అల్లేది, వరస తప్పేది కాదు.

"చేతులు చూసుకోకుండా ఎలా అల్లుతావే?" అని అడిగితే, "చేతుల పని చేతులు చూసుకుంటాయి. నా కళ్లకి వేరే పనుంది" అనేది.

ఆ వేరే పని పేరు ముత్యాలు. పేరంటాలు కూతురు. నాలుగేళ్లది. వాళ్ల నాన్న పడవలో కొబ్బరికాయలు వేసుకుని ఊళ్లు తిరిగేవాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. పిల్ల భారమంతా తల్లిదే. అది పిల్ల కాదు, పాదరసం. గుమ్మంలో ఉందనుకుంటే కోళ్లగూట్లో ఉండేది. కోళ్లగూట్లో ఉందనుకుంటే, పెరటి కంచె దగ్గర ఉండేది. కంచె అవతల కాలవ. నిండుగా పారే కాలవ. పేరంటాలు దేనికీ జంకే మనిషి కాదుగానీ, ఆ కాలవంటే మాత్రం గుండెల్లో గుబులు.

అందుకని ఒక ఉపాయం చేసింది. దారంతో బారెడు పొడుగున పట్టీ అల్లింది. ఒక కొస ముత్యాలు మొలతాడుకి కట్టింది. రెండో కొస తన కాలి బొటనవేలికి చుట్టుకుంది. ఇక తల ఎత్తి చూడక్కర్లేదు. కబురంతా వేలే చెబుతుంది. మెల్లగా లాగితే ఆకలి. జర్రున లాగితే పిల్లి కనబడిందన్నమాట. లాగుడు ఆగిపోతే మాత్రం వెంటనే లేవాలి, పిల్ల ఏదో నోట్లో పెట్టుకుని ఉంటుంది.

"అమ్మా, నేను మేకనా?" అనేది ముత్యాలు.

"మేకైతే ఆకులు తిని ఊరుకునేది. పక్కకి జరుగు, దారం తొక్కుతున్నావు."

పందిరి మీదనుంచి బీరపాదు ఇదంతా రోజూ చూసేది. దానికి కావలసినన్ని ఆకులు, కావలసినన్ని పసుప్పచ్చ పువ్వులు. కాయ మాత్రం ఒక్కటే మిగిలింది. ఒకరోజు ఇక ఉండబట్టలేక నోరు విప్పింది.

"పేరంటాలు వదినా, నీదేమో ఒక్క పిల్ల. ఎటూ పోకుండా పట్టుకున్నావు. నాకు కాయకి గంపెడుమంది. ఒక్కర్తినీ నిలబెట్టుకోలేకపోతున్నాను."

"ఏం చేశావే అన్ని కాయలు?"

"లేతవి నువ్వు కూరొండావు. అదేం అననులే, నీళ్లు పోసిన దానివి. ముదిరినవన్నీ చిలక తినేసింది. ఇదొక్కటీ ఉంది. ఇదీ పోతే నాతో సరి. వచ్చే వానలకి ఈ లోకంలో బీరపాదన్నదే ఉండదు."

చిలక జామచెట్టు మీదనే ఉంది. ఆకుపచ్చగా, నున్నగా, అల్లుడిలా కూర్చుంది.

"అత్తా, నా మీద నేరం చెబుతోందా?" అంది. "నేనేమీ దొంగతనంగా రాను. గలగలమని అదే పిలుస్తుంది. పిలిస్తే వెళ్లకపోతే మర్యాద కాదని వెళతాను."

"ఈసారి నీ మర్యాద నీ దగ్గరే పెట్టుకో" అని పేరంటాలు పాదు వైపు తిరిగింది. "వదినా, నువ్వు దిగులు పెట్టుకోకు. ఇదెంత పని. కాయకి సంచి అల్లి తొడిగేస్తాను. వాడి ముక్కెలా దిగుతుందో చూస్తాను."

అన్నదే తడవు, అల్లి తొడిగేసింది. పైనుంచి కిందికి నిలువు తాళ్లు, మధ్యలో సన్నటి లేసు. కాయకి పెళ్లికూతురి ముసుగు వేసినట్టు ముచ్చటగా ఉంది. ముత్యాలు కింద నిలబడి చప్పట్లు కొట్టింది.

మూన్నాళ్లు గడిచాయో లేదో బీరపాదు మూలుగు మొదలెట్టింది. "వదినా, బిగుతుగా ఉందే. కాయ ఊరుతోంది, నీ సంచి ఊరట్లేదు."

చూస్తే నిజమే. నిలువు తాళ్లు తోలులోకి దిగిపోయాయి. తాడు నొక్కినచోట పల్లం, తాడుకీ తాడుకీ మధ్య ఉబ్బి గట్టు. నున్నటి కాయ కాస్తా గట్లు గట్లు తేలింది. పోనీ అంత బాధా పడితే ఫలితం ఉందా? చిలక వచ్చింది, సంచి పట్టుకుని తలకిందులుగా వేలాడింది, లేసు కంతల్లోంచి ముక్కు దూర్చి చూసుకుంది.

"బాగుందత్తా. ఇదివరకు జారిపోయేవాణ్ణి. ఇప్పుడు కాళ్లు పెట్టుకోడానికి మెట్లు కట్టించావు. కాయ ఇంకా ఎండలేదు, ఎండాక వస్తా."

పేరంటాలుకి ఒళ్లు మండింది. సంచి విప్పి పారేసింది. "కంతలు పెద్దవయ్యాయి. ఇంకా సన్నంగా అల్లుతాను" అని కూర్చుంది.

సరిగ్గా ఆ పొద్దునే ముత్యాలు పాత పట్టీని కొరికేసింది. సంచి తొందరలో పేరంటాలు గబగబా కొత్త పట్టీ అల్లి, మిగిలిన దారం కొసని పిల్ల మొలతాడుకి కట్టి, మళ్లీ సంచి పట్టుకుంది. అన్నీ చేసింది. ఒక్కటి మర్చిపోయింది. పట్టీలో ఆఖరి కంటికి ముడి వెయ్యలేదు.

అల్లికకి ప్రాణం ఆ ఆఖరి ముడి. అది వేస్తే ఏనుగు లాగినా ఊడదు. అది లేకపోతే చంటిపిల్ల లాగినా వరసకి వరస సర్రున ఊడి వచ్చేస్తుంది. బారెడు పట్టీలో ఎంత దారం ఉంటుందనుకున్నారు? వీధి ఆ చివరిదాకా పోతుంది.

ముత్యాలు ఒక అడుగు వేసింది. ఒక కన్ను ఊడింది. ఇంకో అడుగు వేసింది. ఇంకో నాలుగు కళ్లు ఊడాయి. భలే ఉందే అనుకుంది. కోళ్లగూడు దాటింది. పందిరి దాటింది.

ఇక్కడ పేరంటాలు వేలు మెల్లగా కదులుతూనే ఉంది. 'లాగుతోంది, అంటే ఉంది' అనుకుంది ఆవిడ. 'ఆకలేస్తున్నట్టుంది, ఈ వరస అయ్యాక పెడదాం' అనుకుంది. వేలు కబురు చెబుతూనే ఉంది. కబురు అబద్ధం కాదు, అది ఎంత దూరం నుంచి వస్తోందో మాత్రం చెప్పలేదు.

వరస అయింది. తల ఎత్తింది. పిల్ల లేదు.

పాదం దగ్గర పట్టీ లేదు, ఒంటి దారం ఉంది. అది పెరడంతా సాగి, కంచె కింద దూరి, కాలవ వైపు వెళుతోంది.

పేరంటాలు సూది విసిరేసి దారం వెంట పరిగెత్తింది. ఆవిడ చేతిలోంచి సూది కింద పడడం ఆ లంక అంతా అదే మొదటిసారి చూడడం. కంచె దాటింది. గట్టు మీద ముత్యాలు ఉంది, ఒక కాలు గట్టు మీద, ఒక కాలు గాలిలో. అక్కడే ఆగిపోయి అటూ ఇటూ గింజుకుంటోంది.

"వదులు. నన్నొదులు. నేను చేపని చూడాలి" అంటోంది.

దాని పరికిణీ అంచుని పట్టుకున్నది బీరపాదు. పందిరి మీదనుంచి కంచె మీదికి పాకిన ఒక సన్నటి నులితీగ. ఆ కాలంలో నులితీగలు చీపురుపుల్లల్లా తిన్నగా ఉండేవి. పిల్ల అంచుకి వెళ్లడం చూసి పాదు ఒక తీగని విసిరి, పరికిణీకి చుట్టేసింది. పిల్ల ఇటు లాగితే ఇటు మెలి పడింది, అటు లాగితే అటు మెలి పడింది. సగం ఇటు, సగం అటు. ఇప్పటికీ మీ పెరట్లో ఏ బీరతీగనైనా చూడండి, మధ్యదాకా ఒకవైపు చుట్టుకుని, అక్కణ్ణుంచి రెండోవైపు చుట్టుకుని ఉంటుంది.

పేరంటాలు పిల్లని లాగి చంకనేసుకుంది. వీపు మీద ఒకటి వేసింది, ఆ చేత్తోనే నిమిరింది. పాదు వైపు తిరిగింది.

"వదినా," అంది, "నా పట్టీ ఊడింది. నీ మెలి ఊడలేదు."

"నువ్వు దారాన్ని నమ్ముకున్నావు. నేను పిల్లని పట్టుకున్నాను" అంది పాదు. దానికింకా ఆయాసం తీరలేదు.

ఆ మాటకి పేరంటాలు ఠక్కున ఆగింది. కాయ వంక చూసింది, పిల్ల వంక చూసింది. నవ్వింది.

"ఓసి నా మతి మండ. కాయ ఎక్కడికి పారిపోతుందని దానికి సంచి తొడిగాను? పోయేది గింజలు కదా. పట్టుకోవలసింది వాళ్లని. అల్లిక కాయ పైన కాదు వదినా, కాయ లోపల ఉండాలి. ఒక్కో గింజకి ఒక్కో ఒడి."

"లోపలికి నీ చెయ్యి ఎలా పడుతుంది?"

"నా చెయ్యి ఎందుకు? నీ తీగ పట్టు ఇప్పుడే చూశానుగా. మెలి వెయ్యడం వచ్చిందంటే సగం అల్లిక వచ్చేసినట్టే. నేను బయట అల్లుతాను, నువ్వు చూసి లోపల అల్లు."

ఇద్దరూ కూర్చున్నారు. కూర్చున్నారంటే, పేరంటాలు కూర్చుంది, పాదు వేలాడింది. పేరంటాలు నిదానంగా ఒక కన్ను వేసి చూపించేది. పాదు కాయ లోపల తన నారతో అలాంటి కన్నే వేసేది. మొదట్లో చిందరవందరగా వచ్చింది.

"అది అల్లిక కాదమ్మా, పిచ్చుక గూడు" అనేది పేరంటాలు. "ఊడదీసి మళ్లీ వెయ్యి."

"నీ కూతురికైతే ఇంత గట్టిగా చెబుతావా?"

"దానికి చెబితే వినదుగా. నువ్వు వింటున్నావు కాబట్టి చెబుతున్నాను."

కాయ ముదిరేకొద్దీ పాదు చెయ్యి కుదిరింది. గింజ చుట్టూ వరస, వరస చుట్టూ వరస. ముత్యాలు పందిరి గుంజ ఎక్కి కాయకి చెవి ఆనించి వినేది. "అమ్మా, గలగల తగ్గింది" అని కబురు చెప్పేది.

పాదు చివరికొచ్చింది. "వదినా, అయిపోయింది. ఇక ఆఖరి ముడి చూపించు. నీలాగా మర్చిపోనులే" అంది ఎత్తిపొడుస్తూ.

పేరంటాలు సూది పట్టుకుని ఆలోచించింది.

ఆ గట్టు సంగతి జరిగిన మర్నాటినుంచే ఆవిడ ముత్యాలుని తానే కాలవకి తీసుకెళుతోంది. నడుముకి ఎండు సొరబుర్ర కట్టి, కడుపు కింద చెయ్యి పెట్టి ఈత నేర్పుతోంది. పిల్ల మొదటిరోజు నీళ్లు తాగింది. ఇప్పుడు కప్పలా కాళ్లు ఆడిస్తోంది.

"ముడి వెయ్యకు" అంది పేరంటాలు.

"వెయ్యకపోతే ఊడిపోవూ?"

"ఊడాలి. ఇప్పుడు కాదు. కాయ బాగా ఎండి, నీ పిల్లలు నల్లగా గట్టిపడ్డాక. ఎన్నాళ్లని ఒళ్లో పెట్టుకుంటావు? కాయ కొసన చిన్న మూత పెట్టు. వేళ అయ్యాక అదే ఊడుతుంది. అప్పుడు గాలి ఊపుతుంటే నాలుగిక్కడ, నాలుగక్కడ పడతారు. అందరూ ఒకేచోట కుప్పపడితేనే కదా చిలకకి విందు."

"నీ పిల్ల ఊడి వెళ్లినప్పుడు పరిగెత్తావుగా?"

"అప్పుడు దానికి నీళ్లంటే తెలియదు. ఇప్పుడు తెలుసు. ముడి వెయ్యకపోవడం తప్పు కాదు వదినా. ఈత రాకముందే ఊడిపోవడం తప్పు."

కాయ ఎండింది. చిలక మాట తప్పలేదు, వచ్చింది. చెవి పెట్టి విన్నది. గలగల లేదు. సరేనని ఒక్క పోటు పొడిచింది. జలజల లేదు. ముక్కు మాత్రం పీచులో ఇరుక్కుపోయింది. రెక్కలు కొట్టుకుని, కాళ్లతో తన్నుకుని, ఎలాగో బయటపడింది. మూతి చుట్టూ పీచు మీసాలు.

"అత్తా, ఇందులో భోజనం లేదు, పళ్లపుల్ల ఉంది" అంది.

"తోముకుని వెళ్లు నాయనా" అంది పేరంటాలు.

ఓ రోజు గాలి వీచింది. కాయ కొసన మూత టప్పున ఊడింది. నల్లటి గింజలు ఒకటీ అరా, ఒకటీ అరా రాలి, కంచె పక్కన, గట్టు మీద, కాలవ అవతల పడ్డాయి. పాదు అన్నిటినీ చూస్తూ ఊగింది. అదే రోజు ముత్యాలు సొరబుర్ర లేకుండా కాలవ అడ్డంగా ఈది, అవతలి గట్టు ఎక్కి నిలబడి, "అమ్మా, చూశావా?" అని అరిచింది. పేరంటాలు చూసింది. ఇంటికి వచ్చి, బొటనవేలికున్న దారం విప్పేసి, దానితో ఒక పువ్వు అల్లుకుంది.

అప్పటినుంచే బీరకాయకి ఒంటినిండా ఆ గట్లు. అప్పటినుంచే లేతకాయలో పీచు ఉండదు, ముదిరేకొద్దీ వరసలు వరసలుగా పడుతుంది, తల్లి అప్పుడే అల్లిక మొదలెడుతుంది కాబట్టి. ఎండుకాయని ఎంత పీకినా ఆ పీచు గింజల్ని అంత తేలిగ్గా వదలదు. కానీ వేళ అయిన రోజున కొసన చిన్న మూత దానంతటదే ఊడుతుంది, గింజలు తమ దారిన తాము పోతాయి. కావాలంటే ఒక కాయ కొయ్యకుండా పాదు మీదే ఎండనిచ్చి చూడండి. అల్లిక ఎంత బిగువుగా ఉన్నా, ఆఖరి ముడి మాత్రం కనబడదు.