గొడ్డలికి ముహూర్తం కుదరని ఊరు

అనగనగా, మీ తాతలకు తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్నప్పుడు, ఒక చెరువు. చెరువు నిండా నీళ్ళలో నిలబడ్డ కడప చెట్లు. చెట్టు నిండా గూళ్ళు, గూటి నిండా గుడ్లు, గుడ్ల మీద గూడకొంగ, కొంగ గొంతు కింద సంచి, సంచిలో చేప. నందూ, కాళ్ళు ఆడించడం మాని ఊ కొట్టు నాయనా.

ఆ ఊరి పెద్ద చెంగప్ప. ఆయనకు తన తెల్ల తలపాగా అంటే ప్రాణం. కొంగలకూ అదే ఇష్టం కాబోలు, సరిగ్గా దానిమీదే రెట్ట వేసేవి. పొద్దున ఉతికితే పొద్దున్నే, సాయంత్రం ఉతికితే సాయంత్రమే. పైగా చేపల కంపు, కొంగపిల్లల గోల. విసిగి విసిగి, చెట్లన్నీ కొట్టేస్తానని గొడ్డలి నూరించాడు. చెట్లు పోతే కొంగలు మళ్ళీ ఈ దిక్కుకు వస్తాయా?

ఆయన కోడలు పెంచలమ్మ. అవి మన ఊరికి పురిటికొచ్చిన ఆడపిల్లలు మామయ్యా అని బతిమాలింది. వింటేగా! అప్పుడు మెల్లగా చెప్పింది, తనకు మూడో నెలని. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే పచ్చని చెట్టు మీద గొడ్డలి వెయ్యకూడదు. చెంగప్ప పళ్ళు కొరుక్కుని గొడ్డలిని అటకెక్కించాడు.

మరుసటి ఏడు కొంగలొచ్చాయి, రెట్టలొచ్చాయి, గొడ్డలి దిగింది. కోడలికి మళ్ళీ నెల తప్పింది, గొడ్డలి ఎక్కింది. మూడో ఏడూ అంతే.

"ఏమమ్మా, మళ్ళీనా?"

"దేవుడిచ్చాడు మామయ్యా!"

నవ్వింది చాలు తులసీ. ఆ స్వామి ఇచ్చిందే మరి.

నాలుగో ఏడు చెంగప్ప ముందే అడిగాడు. లేదు మామయ్యా అంది, అబద్ధమాడే మనిషి కాదుగా. ఆయన సంబరంగా గొడ్డలి భుజానేసుకుని చెరువు గట్టెక్కాడు. ఎదురుగా ఎడ్లబండి. అందులో ఆయన ఒక్కగానొక్క కూతురు, తొలికాన్పుకు పుట్టింటికొస్తోంది. త్వరగా రమ్మని కబురంపిందెవరనుకున్నారు? పెంచలమ్మే!

"ఏం నాన్నా, నన్ను పిలుచుకెళ్ళడానికి గొడ్డలితో ఎదురొచ్చావా?"

చెంగప్ప కూతుర్ని చూశాడు. పైన గూట్లో, పిల్లలకు ఎండ తగలకుండా రెక్క పరిచిన తల్లికొంగను చూశాడు. గొడ్డలి అక్కడే వదిలేశాడు. సరిగ్గా అప్పుడే తలపాగా మీద టప్పుమని పడింది.

"కానీ తల్లీ, కానీ" అన్నాడు.

మర్నాటి నుంచి తాటాకు గొడుగు వేసుకుని తిరిగాడు. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళు పారి ఊరి చేలన్నీ విరగపండాయి, అందరూ చల్లగా ఉన్నారు. ఆ కాన్పులో పుట్టినామే మా నాయనమ్మ.

అందుకే, విసుగొస్తే గొడుగు పట్టండి, గొడ్డలి పట్టకండి. కథ కొంగల గూటికి, మనం దుప్పట్లోకి. నందూ, ఇంకా ఆ కాళ్ళేనా!